అత్తింటి రోడ్లు నేర్పిన అక్క

సెలవు మీద బెంగళూరు వచ్చి, సర్జాపుర రోడ్డు సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని ఉన్నాను. ఆ సిగ్నల్ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. పక్కన ఒక పాత తెల్ల కారు వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గర ఒక అమ్మాయి ఉంది. ఆమె ఎడమపక్క సీట్లో, మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్న ఒక కుర్రాడు రెండు చేతులతో స్టీలు పళ్ళెం పట్టుకుని, దాన్ని మహా గంభీరంగా కాస్త కుడికి తిప్పి, మళ్ళీ తిన్నగా చేశాడు. పాపం ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని మా ఆటో డ్రైవరు జాలిపడ్డాడు.

నేను ఆటో దిగి, ఆ కారు అద్దం మీద తట్టి, అక్క ఎలా ఉందని అడిగాను. ఏ అక్క అని ఆ అమ్మాయి అడగలేదు. ఆ పళ్ళెం ఎవరిదో తెలిసినదాన్నని ఆమెకు అర్థమైంది. "పోయిన ఆషాఢములో పోయినాదక్కా," అంది. అంతలో పచ్చ దీపం పడింది, వెనకనుంచి వందమంది హారన్లు మోగించారు, కారు వెళ్ళిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి అది అనువైన చోటు కాదు కాబట్టి మళ్ళీ ఆటో ఎక్కి ఏడ్చాను.

అక్కది చిక్కపేటలో తరతరాలుగా చీరల వ్యాపారం చేసిన తెలుగిల్లు. ఆ మాట ఆమె నోటితో చెప్పేది కాదు, ఆమె కారు చెప్పేది. కారులో కాళ్ళు పెట్టేచోట తెల్ల దుప్పటి పరిచి ఉండేది. చీరల అంగట్లో తెల్లపరుపు మీదికి ఎక్కేముందు చెప్పులు విడిచినట్టే, ఆమె కారు ఎక్కేముందు గడప దగ్గర చెప్పులు విడవాలి. అక్క దగ్గర డ్రైవింగు నేర్చుకున్నవాళ్ళంతా వట్టికాళ్ళతో నేర్చుకున్నవాళ్ళే. అరికాలికి తెలిసేది బూటుకు తెలియదని ఆమె సిద్ధాంతం. కెనడా వెళ్ళిన ఒక అబ్బాయి అక్కడ పరీక్ష రోజున అలవాటు కొద్దీ రోడ్డుపక్కన బూట్లు విడిచి, మేజోళ్ళతో కారెక్కి వెళ్ళిపోయాడట. తిరిగొచ్చేసరికి పరీక్ష పాసయ్యాడు గానీ బూట్లు పోయాయి. అక్క ఈ కథ కొత్తవాళ్ళందరికీ చెప్పేది. తన చదువు ఎంత గట్టిదో చూడమన్నట్టు చెప్పేది.

మనిషి పొట్టి. సీటు మీద రెండు దిండ్లు వేసుకుంటే గానీ స్టీరింగు పైనుంచి రోడ్డు కనిపించదు. చీర కుచ్చిళ్ళు పిన్నులతో బిగించి, బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చునేది. బండి తీసేముందు, పాలిచ్చే గేదెను నిమిరినట్టు ముందుభాగాన్ని అరచేత్తో నిమిరి "పదమ్మా" అనేది. మనం తప్పు చేస్తే మనల్ని ఒక్క మాట అనేది కాదు. అద్దం దగ్గరున్న చిన్న వినాయకుడితో చెప్పుకునేది. నేను నర్సును కాబట్టి ఆమెకు నర్సమ్మను. "చూడప్పా వినాయకా, నర్సమ్మ మళ్ళా మూడో గేరులో నిలబెట్టింది," అని పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పేది. తిట్టించుకోవడమే నయం. దేవుడి దగ్గర ఫిర్యాదు నమోదైతే మనం ఎక్కడికి పోతాం?

రోజూ పొద్దున్నే చీర చెంగుతో కారు చుట్టూ తుడుచుకుంటూ తిరిగేది. చూసేవాళ్ళకు ప్రదక్షిణం చేస్తున్నట్టు ఉండేది. బండి నేర్పడం మొదలుపెట్టిన నాటినుంచి తన కారుకు ఒక్క గీత పడలేదని ఆమె గర్వం. పాలవాడికి చెప్పేది, పూలమ్మికి చెప్పేది, అద్దెకు ఇల్లడగడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేది. "ఎక్కడన్నా గీత కనపడుతాదేమో చూడండప్పా," అని వంగి చూపించేది. చూసినవాళ్ళు లేదని తల ఊపేదాకా వదిలేది కాదు.

అక్క బడిలో ప్రత్యేకత ఏమిటంటే, ఊళ్ళో నడుపుకునేవాళ్ళకు ఆమె నేర్పేది కాదు. వేరే దేశం వెళ్ళేవాళ్ళకే నేర్పేది. తాను మాత్రం హోసూరు దాటి ఎన్నడూ బండి నడపలేదు. ఆమె విదేశీ పరిజ్ఞానమంతా పాత విద్యార్థులు ఫోన్లు చేసి చెప్పిన సమాచారం. వాళ్ళు మూడుపాళ్ళు నిజం చెపితే, ఈమె ఒక పాలు కలిపేది. జర్మనీలో పరీక్ష పెట్టే అధికారికి తాంబూలం ఇవ్వకూడదు గానీ ఒక అరటిపండు ఇస్తే తప్పులేదని నాకు గట్టిగా చెప్పింది. అలాంటివి వడగట్టుకోవాలి.

దేశాలన్నీ ఆమెకు రెండే రకాలు. ఎడమ దేశాలు, కుడి దేశాలు. మనలాగా ఎడమపక్క నడిపే దేశాలు మేనరికపు సంబంధాలు, కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. కుడిపక్క నడిపేవి బయటి సంబంధాలు. అక్కడికి వెళ్ళేవాడు ఆడైనా మగైనా కొత్త కోడలే. పుట్టింటి హారను అత్తింట్లో మోగించకూడదు, అది ఆమె మొదటి పాఠం. జర్మనీలో చిన్న వీధుల్లో కుడిచేతి దారినుంచి వచ్చే బండికి మనం దారి ఇవ్వాలి. ఈ నియమం పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు. అక్క ఒక్క ముక్కలో ఎక్కించింది. "కుడిపక్క నించి వచ్చేటోడు మామగారమ్మా. ఆయన పోయిందాకా తల వంచుకోని నిలబడల్ల," అంది. ఆ తర్వాత నేను ఆ విషయంలో ఎన్నడూ తప్పు చేయలేదు.

ఇక నా సంగతి. మాది హిందూపురం పక్క. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేశాను. రాత్రి డ్యూటీలు చేసి చేసి, పగలు వెలుతురు చూస్తే కళ్ళు చికిలించుకునే స్థితికి వచ్చాను. మెట్రోలో నిలబడి జర్మన్ భాష బట్టీపట్టాను. ఆ దేశంలో ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకు మందులు ఇచ్చి, కట్లు మార్చి రావడం పని. పగటి డ్యూటీ. నా పేరు మీద ఒక గది, దానికో తాళంచెవి. ఎగిరి గంతేశాను. ఆ తర్వాత కాంట్రాక్టు చదివాను. ఇంటింటికీ వెళ్ళేది కారులో. మన లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. ఆలోపు వాళ్ళ పరీక్ష పాసవ్వకపోతే ఉద్యోగం లేదు.

నాకు లైసెన్సు ఉంది. ఊళ్ళో అందరూ తీసుకుంటుంటే నేనూ తీసుకున్నాను. మైదానంలో ఒక చుట్టు తిప్పి ఇచ్చారు, అది పర్సులో పెట్టుకున్నాను, ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు. రోడ్డు దాటడానికే పక్కవాళ్ళ కొంగు పట్టుకునే మనిషిని. ఎవరో చెపితే అక్కను వెతుక్కుంటూ చిక్కపేట వెనక సందుల్లోకి వచ్చాను.

కుడి దేశానికి పోయేవాళ్ళకు స్టీరింగు ఎడమపక్క ఉంటుంది కదా. మన కారులో ఎడమపక్క ఉండదు కదా. గేర్లూ క్లచ్చీ మామూలుగా కుడి సీట్లోనే కూర్చోబెట్టి, ఖాళీ మైదానంలో నేర్పేసేది. ఆ తర్వాత ఎడమపక్క కోసం అక్క కనిపెట్టిన పద్ధతి పళ్ళెం. ఆమె దాన్ని తట్ట అనేది. మనం ఎడమ సీట్లో కూర్చుని తట్ట తిప్పాలి. జనం తిరిగే రోడ్డు మీద అది ఉత్త అభ్యాసం, బండిని అక్కే తోలుకుంటుంది. జిగణి దాటాక, ఇళ్ళు కట్టకుండా రాళ్ళు మాత్రం పాతిపెట్టిన లేఔట్లలో అసలు తమాషా. అక్కడ కుడిపక్కన పోవాలి, తట్ట ఎటు తిరిగితే అక్క స్టీరింగును అటు తిప్పుతుంది. మనం గోడకేసి తిప్పితే గోడదాకా తీసుకుపోయి, ఆపి, వినాయకుడితో చెపుతుంది. తట్ట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే డ్రైవరు అన్నది ఆ బడిలో రాజ్యాంగం.

ఇన్సూరెన్సు పాఠం వేరే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ దేశంలో ఇన్సూరెన్సు మొదట్లో మోత మోగిస్తారు. ఇక్కడ మనం ఎంత బుద్ధిగా నడిపామో వాళ్ళకు పట్టదు. ఇది అన్యాయం కదక్కా అంటే ఆమెకు అందులో అన్యాయమేమీ కనిపించలేదు.

"కొత్త కోడలి చేతికి మొదటి దినమే బీరువా తాళాలు ఇస్తారేమమ్మా? నీవు పుట్టింట్లో ఎంత బంగారమో వాళ్ళకేమి తెలుసు? ఏమీ ఇరగ్గొట్టకుండా ఒక ఏడాది కాపురం చేస్తే రవ్వంత నమ్ముతారు. ఇంకో ఏడాదికి ఇంకో రవ్వ," అంది.

ఆ పాఠంలో ప్రయోగం కూడా ఉండేది. యాక్సిడెంటు ప్రాక్టీసు. ఆ సందులోనే చీరల మూటలు లాగే తోపుడు బండి ఆయన ఒకడు ఉండేవాడు. ఆయన జర్మనీవాడు. మన కారు ఆయన బండికి తగిలినట్టు లెక్క. ఆయన కన్నడంలో మన వంశం మొత్తాన్ని తిడతాడు, అందుకు ఆయనకు కాఫీ. మనం ఏమీ మాట్లాడకూడదు. తప్పు నాదే అనకూడదు, నీదే అనకూడదు. ఫోటోలు తీసుకుని, కాగితాలు చూపించి, మౌనంగా నిలబడాలి. మిగిలింది ఇన్సూరెన్సువాళ్ళు చూసుకుంటారు. ఇందులో నేను ప్రతిసారీ తప్పేదాన్ని. దిగగానే నా చెయ్యి దానంతటదే ఆ తోపుడు బండిని ముట్టుకుని కళ్ళకద్దుకునేది. పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి కాలు తగిలినా చిన్నప్పటినుంచి చేసే పనే, ఆపుకోవడం నావల్ల కాలేదు. జర్మనీవాడు తిట్టడం మానేసి నన్ను దీవించేవాడు. కళ్ళకద్దుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని, ఆ దేశంలో వకీలు దాన్నే పట్టుకుంటాడని అక్క తల పట్టుకునేది.

ఆ ఆదివారం సంగతి చెప్పాలి. పోలీసు క్లియరెన్సుకు అర్జీ పెట్టి ఉన్నాను. నా మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసిస్తేనే వీసా. జిగణి దగ్గర లేఔటుకి వెళ్ళాం. కనుచూపు మేర రాళ్ళు, దీపస్తంభాలు, గడ్డి. నేను తట్ట పట్టుకున్నాను. బండి నత్త నడక నడుస్తోంది. ఒక మలుపు తిరిగాం. ఆ మొత్తం లేఔటులో ఉన్నది ఒకే ఒక కారు. స్థలం చూడడానికి వచ్చిన ఒక కుటుంబానిది. కొత్తది, నంబరు పలక మీద పసుపు కుంకుమ కూడా ఆరలేదు, ముందర బంతిపూల దండ. సరిగ్గా మా దారిలో నిలిపి ఉంది.

నేను కుడికి తిప్పాలా, ఎడమకు తిప్పాలా? ఆ క్షణంలో నాకు దేశం గుర్తు రాలేదు. భయపడి తట్టను ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. తట్ట పైకెత్తితే ఏమని అర్థమో అక్క సిలబస్‌లో లేదు. అర్థం చేసుకుందామని ఆమె నా వైపు తిరిగింది. ఎండ తట్ట మీద పడి తిన్నగా ఆమె కళ్ళలో కొట్టింది. బడి కారు కాబట్టి నా కాళ్ళ దగ్గరా ఒక బ్రేకు ఉంది. ఆమె కాళ్ళ దగ్గరా ఒకటి ఉంది. ఇద్దరం ఎదుటివాళ్ళు తొక్కుతారనుకున్నాం.

చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. మా ముందు దీపం ఒకటి పగిలి, దాని పక్కన జానెడు గీత పడింది. వాళ్ళ కారు తలుపు మీద మూరెడు గీత పడింది.

దిగాను. ముందుగా వాళ్ళ కారును ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. తర్వాత నేర్పింది గుర్తొచ్చి, తట్ట చంకలో పెట్టుకుని, మౌనంగా నాలుగు పక్కలా ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. అక్క మౌనం పాటించలేదు. ఇంత లేఔటు ఉండగా ఈ మలుపులోనే నిలపాలా, స్థలం కొనేవాడివి మొదట బండి నిలిపే స్థలం చూసుకో అని ఆ కారాయనకు పూజ మొదలెట్టింది. ఆయనది మా పక్క తెలుగే. ఆయనా తగ్గలేదు. కాసేపటికి ఆయనకు అసలు ప్రశ్న గుర్తొచ్చింది. ఎవరు నడుపుతా ఉండిందని అడిగాడు.

తట్ట నా చేతిలో ఉంది కాబట్టి, "నేనేనన్నా," అన్నాను.

ఆయన కారులోకి తొంగి చూశాడు. "స్టీరింగు ఆ పక్క ఉండాది కదమ్మా," అన్నాడు.

"నా స్టీరింగు ఇదన్నా," అని తట్ట చూపించాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. భార్యను, పిల్లను కారులో కూర్చోమన్నాడు. జేబులోంచి ఫోను తీసి, పోలీసులను పిలుస్తానన్నాడు. క్లియరెన్సు, వీసా, పగటి డ్యూటీ, ఆ గది తాళంచెవి, అన్నీ ఆ ఫోనులో కనిపించాయి.

అక్క నోరు ఆగిపోయింది. నా మొహం చూసింది. బుగ్గన ఉన్న లవంగం తీసి పక్కన పారేసింది.

"ఆ యమ్మ సుమ్నే, ఊరికే కూర్చోనుండిందప్పా. నడిపింది నేను. గాడి నాది, చెయ్యి నాది, తప్పూ నాదే," అంది.

ఒక్క మాటతో తన రాజ్యాంగాన్నీ, తన ఇన్సూరెన్సు పాఠాన్నీ, గీతపడని పేరునూ మూడింటినీ వదిలేసింది. కారాయన ఫోను దించాడు. ఆయన భార్య కిటికీలోంచి తల బయటపెట్టి, పోనీలే, కొత్త బండికి ఇంతటితో దిష్టి పోయింది, మనిషికి తగల్లేదు కదా అంది. దిష్టి మాట వచ్చాక మన మనుషుల్లో కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఇద్దరూ ఒకరి కాగితాలు ఒకరు ఫోటో తీసుకున్నారు. ఆయన వెళ్ళేటప్పుడు నా చేతిలో తట్ట వైపు ఇంకొకసారి చూసి, నన్ను బాగా చూసుకోమని అక్కకు చెప్పి వెళ్ళాడు.

వాళ్ళ కారు కనుమరుగయ్యాక నేను ఆ రాళ్ళలో ఒకదాని మీద కూర్చున్నాను. జర్మనీకి పోనని చెప్పాను. ఈ ఉద్యోగం వద్దని ఉత్తరం రాసేస్తాను, రాత్రి డ్యూటీలే చేసుకుంటాను, వార్డులో అయితే నా కాళ్ళ మీద నేను నడుస్తాను, ఎవరినీ చంపను అన్నాను. ఇంకా చాలా అన్నాను. నీ కారుకు కూడా గీత పెట్టేశానక్కా అని ఏడ్చాను.

అక్క పగిలిన దీపం దగ్గర వంగి, చెంగుతో గాజుముక్కలు తుడిచింది. వేరే ఎవరైనా అయితే ధైర్యం చెప్పేవాళ్ళు. ఆమె ఆ పని చేయలేదు.

"గీత పడలేదు, గీత పడలేదు అని చెప్పుకోని చెప్పుకోని, దినామూ నాకు అదే బయ్యము అయిపోయిండెనమ్మా. రాత్రి పండుకుంటే కుక్క మొరిగినా లేసి బండి చూసుకొనేదాన్ని. ఇంక పడిపోయె. పడేదేముండాది?" అంది.

నా చేతిలోంచి తట్ట తీసుకుని వెనక సీటు మీద పడేసింది. ఎడమ తలుపు తీసి తాను ఎక్కి కూర్చుంది. చిక్కపేటకు పోదాం పదమంది. నేను కదల్లేదు. ఆమె చెయ్యి చాచి తన రెండు దిండ్లలో ఒకటి తలకింద పెట్టుకుని, బ్రేకు దగ్గర ఉండాల్సిన కాళ్ళు రెండూ సీటు మీదికి మడిచి, కళ్ళు మూసుకుంది. ఎండ పెరుగుతోంది. ఇంకెవరూ లేరు. ఎంతసేపని ఆ రాయి మీద కూర్చుంటాను? వెళ్ళి కుడి సీట్లో, మిగిలిన దిండు మీద కూర్చున్నాను.

లేఔటు దాటేలోపే ఆమె గురక మొదలైంది. నటనేమో అనుకున్నాను. మెయిన్ రోడ్డు ఎక్కాక లారీ ఒకటి పక్కనుంచి రొదపెట్టుకుంటూ పోయినా ఆగలేదు. నోరు తెరుచుకుంది, తల ఒకపక్కకు వాలింది. అది నిద్రే. ఏళ్ళ తరబడి వార్డులో నిద్రను చూసినదాన్ని, దొంగనిద్ర నాకు తెలియకుండా ఉండదు.

అప్పుడు నాకు నా భయం గుర్తు రాలేదు. ఆమె తల గుర్తొచ్చింది. గతుకు వస్తే కిటికీకి కొట్టుకుంటుంది. నిద్రపోతున్న రోగిని స్ట్రెచర్ మీద ఎక్స్‌రే గదికి తీసుకుపోవడం నాకు కొత్త కాదు. గతుకు ముందే చూసుకోవాలి, మలుపు రాకముందే మెల్లబడాలి, ఆగితే ఆగినట్టు తెలియకూడదు. అలాగే పోయాను. నా ముందు ఎవడు దూరినా దూరనిచ్చాను. హారను జోలికి పోలేదు, కొడితే లేస్తుంది. వెనకవాళ్ళు ఏమేమో అన్నారు, వార్డులో బంధువులు అనే మాటలకంటే ఎక్కువేమీ కాదు. చిక్కపేట చేరేసరికి సందుల నిండా మూటలు, కూలీలు, తోపుడు బండ్లు. అవన్నీ నాకు వార్డు వరండాలో మంచాల లాగానే కనిపించాయి. మధ్యలోంచి మెల్లగా పోవాలి, అంతే.

ఆమె ఇంటి ముందు బండి ఆపి ఇంజను తీసేశాను. ఆ నిశ్శబ్దానికి అక్క కళ్ళు తెరిచింది. బయటకు చూసింది. తన గడపే, తన వీధే. కాసేపు ఏదీ ఆనవాలు పట్టనట్టు చూసి, చీర కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"ఏమ్మా, జర్మనీ వచ్చేసిందా?" అని అడిగింది.

వచ్చేసిందక్కా అన్నాను.